డయాలసిస్ రోగి చేతిలోని జీవనాడి – నేటి గ్రాఫ్ట్, రేపటి తెలివైన గ్రాఫ్ట్

"సిస్టర్ గారూ, పేపర్లో వచ్చిందండీ. చేతిలో పెట్టే రక్తనాళం తాను మూసుకుపోతున్నానని తానే డాక్టరుగారికి చెప్తుందట. మా ఆయనకు అది వేయించొచ్చా?"

డయాలసిస్ వార్డు బయట బెంచీ మీద కూర్చునే ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఆమె భర్తకు అప్పటికి రెండుసార్లు చేతికి ఆపరేషను అయింది. రెండూ మూసుకుపోయాయి. మెడ దగ్గర పైపు పెట్టి డయాలసిస్ నడిపిస్తున్నారు. ఆమె చేతిలో నాలుగు మడతలు పెట్టిన పేపరు ముక్క ఉంది. ఎన్నాళ్ళ నుంచి దాచుకుందో, మడతల దగ్గర చిరిగిపోయింది.

ఆ రోజు ఆమెకు నిలబడి రెండు మాటలు మాత్రమే చెప్పగలిగాను. ఇలాంటి ప్రశ్న మీలో చాలామందికి ఉంటుంది కనుక ఇక్కడ తీరికగా వివరిస్తున్నాను. రోగి చేతిలోని రక్తనాళం ఎందుకంత ముఖ్యం, అది ఎందుకు చెడిపోతుంది, దేశదేశాల శాస్త్రవేత్తలు దాని కోసం ఏం చేస్తున్నారు, ఆ కొత్త నాళం వచ్చేలోపు మనం ఇంట్లో ఏం చేయాలి అనే నాలుగు సంగతులు తెలుసుకుందాం.

మామూలు నరం ఎందుకు సరిపోదు?

రక్తపరీక్షకు మోచేతి దగ్గర నరంలోంచి రక్తం తీస్తారు కదా, డయాలసిస్‌కు కూడా అలాగే తీయవచ్చు కదా అని చాలామంది అనుకుంటారు. వాడుకలో "నరం" అంటాం గాని అది సిర, అంటే రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే నాళం. అందులో రక్తం నెమ్మదిగా, తక్కువ ఒత్తిడితో వెళుతుంది.

డయాలసిస్ మిషను నిమిషానికి సుమారు 250 నుంచి 400 మిల్లీలీటర్ల రక్తాన్ని లాగి, శుభ్రం చేసి, తిరిగి శరీరంలోకి పంపుతుంది. ఒకసారికి సుమారు 4 గంటలు. పెద్దవాళ్ళ శరీరంలో ఉండే రక్తం మొత్తం 5 లీటర్ల దాకా మాత్రమే. అంటే అదే రక్తం 4 గంటల్లో ఎన్నోసార్లు మిషనులోకి వెళ్ళి వస్తుంది. ఇంత వేగంగా రక్తం ఇవ్వడం మామూలు సిర వల్ల కాదు. బావిలో నీళ్ళున్నా, బొక్కెన చిన్నదైతే పొలం తడవదు. ఇదీ అంతే.

ధమనిలో రక్తం వేగంగా వస్తుంది. కానీ అది లోతుగా ఉంటుంది, మాటిమాటికీ సూది గుచ్చితే ప్రమాదం. అందుకే వేగంగా రక్తం ఇచ్చేది, చర్మం కిందే చేతికి తగిలేది, వారానికి రెండు మూడుసార్లు సూదులు పడినా తట్టుకునేది ఒక దారి కావాలి. ఆ దారి బాగుంటే డయాలసిస్ బాగా జరుగుతుంది. అందుకే దాన్ని జీవనాడి అంటున్నాను.

కొంచెం చరిత్ర

నెదర్లాండ్స్ దేశంలో విల్లెం కోల్ఫ్ అనే డాక్టరు 1943లో, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మొట్టమొదటి డయాలసిస్ మిషను తయారు చేశారు. 1945లో ఆ మిషను మీద ఒక రోగి బతికి బయటపడ్డారు. కానీ అప్పట్లో ప్రతిసారీ కొత్తగా రక్తనాళాన్ని కోసి గొట్టం పెట్టాల్సి వచ్చేది. కొన్నిసార్లకే శరీరంలో వాడదగిన నాళాలు అయిపోయేవి. మిషను ఉన్నా దారి లేక రోగులు చనిపోయేవారు.

1960లో అమెరికాలోని సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే డాక్టరు టెఫ్లాన్ గొట్టాలను ఒకటి ధమనిలో, ఒకటి సిరలో అమర్చి, చేతి బయట రెండింటినీ కలిపి ఉంచే పద్ధతి తెచ్చారు. ఆ గొట్టం అమర్చిన మొదటి రోగి ఆ తరువాత 11 ఏళ్ళు బతికారు. అయితే చర్మం బయటకు ఉన్న గొట్టం కనుక చీము పట్టడం, గడ్డకట్టడం మామూలుగా ఉండేవి.

తరువాత న్యూయార్క్‌లో బ్రెషియా, చిమినో అనే డాక్టర్లు, అపెల్ అనే సర్జన్ కలిసి మరో ఆలోచన చేశారు. బయటి గొట్టం అక్కర లేకుండా మణికట్టు దగ్గర ధమనిని, సిరను లోపలే కలిపేశారు. 1966లో వారు దీన్ని ప్రచురించారు. నేడు మన ఆసుపత్రుల్లో "ఫిస్టులా ఆపరేషను" అంటున్నది ఇదే. దాదాపు 60 ఏళ్ళు గడిచినా, వీలైన రోగులకు మొదట ఆలోచించేది దీన్నే.

మూడు దారులు

1. ఫిస్టులా: ధమనిని, సిరను కలిపితే ధమని రక్తం సిరలోకి ఉరికి వస్తుంది. ఆ ఒత్తిడికి సిర కొన్ని వారాల్లో లావెక్కి, గోడ గట్టిపడుతుంది. దీన్ని "ముదరడం" అంటాం. ముదరడానికి 6 వారాల నుంచి 3 నెలల దాకా పట్టవచ్చు. బాగా ముదిరిన ఫిస్టులాకు గుర్తులు మా పాఠంలో "ఆరు"తో నేర్పారు: 6 వారాల తరువాత చూస్తే నిమిషానికి కనీసం 600 మిల్లీలీటర్ల రక్తం పారాలి, నాళం వెడల్పు 6 మిల్లీమీటర్లు ఉండాలి, చర్మం కింద 6 మిల్లీమీటర్లకంటే లోతు ఉండకూడదు. ఇది సొంత నాళం కనుక చీము పట్టే భయం తక్కువ. ముదిరితే చాలా ఏళ్ళు పనిచేస్తుంది.

2. గ్రాఫ్ట్: కొందరికి సిరలు సన్నగా ఉంటాయి. షుగరు జబ్బు వల్ల, వయసు వల్ల, మాటిమాటికీ సెలైన్లు పెట్టించుకోవడం వల్ల పాడైపోయి ఉంటాయి. అలాంటివారికి ధమనికీ సిరకూ మధ్య ఒక కృత్రిమ గొట్టం చర్మం కింద అమరుస్తారు. ఎక్కువగా వాడేది టెఫ్లాన్ జాతి పదార్థాన్ని సాగదీసి చేసిన మెత్తటి తెల్లటి గొట్టం. 1970ల నుంచి వాడుకలో ఉంది. సాధారణంగా 2, 3 వారాల్లో సూదులు వేయవచ్చు. ఇంకా తొందరగా వాడుకునే రకాలు కూడా ఉన్నాయి.

3. మెడ పైపు: దీన్ని క్యాథెటర్ అంటారు. వెంటనే వాడుకోవచ్చు. అత్యవసరంలో ప్రాణం నిలబెడుతుంది. కానీ రక్తంలోకి నేరుగా సూక్ష్మక్రిములు చేరే ప్రమాదం మూడింటిలో దీనికే ఎక్కువ. ఎక్కువకాలం ఉంటే ఛాతీలోని పెద్ద సిరలు సన్నబడిపోయి, ఆ వైపు చేతికి తరువాత ఫిస్టులా వేయడం కూడా కష్టమవుతుంది.

ఏ రోగికి ఏది మంచిదన్నది వయసు, గుండె పరిస్థితి, సిరల తీరు చూసి డాక్టరుగారు నిర్ణయిస్తారు. పక్క బెడ్డు ఆయనకు ఫిస్టులా వేశారు, మా నాన్నకు గ్రాఫ్ట్ ఎందుకు అని బాధపడకండి. తెలియకపోతే అడగండి, చెప్పించుకోండి.

గ్రాఫ్ట్ ఎందుకు మూసుకుపోతుంది?

గ్రాఫ్ట్ గొట్టం చెడిపోవడం అరుదు. చెడిపోయేది అది సిరతో కలిసే కుట్టు దగ్గర. ధమని నుంచి వేగంగా వచ్చే రక్తం మెత్తటి సిర గోడను రోజంతా కొడుతూ ఉంటుంది. అక్కడ రక్తం సుడులు తిరుగుతుంది. ఆ దెబ్బకు సిర లోపలి పొరలో కణాలు పెరుగుతాయి. గాయం మానిన చోట చర్మం కాయకట్టినట్టు లోపల ఒక మందపాటి పొర పేరుకుంటుంది. దారి ఇరుకైపోతుంది. ప్రవాహం తగ్గాక ఒకరోజు రక్తం గడ్డకడుతుంది.

ఈ ఇరుకు నెమ్మదిగా వస్తుంది, గడ్డ మాత్రం ఒక్కసారిగా కడుతుంది. ఇరుకుగా ఉన్నప్పుడే కనిపెడితే బెలూనుతో వెడల్పు చేయవచ్చు. గడ్డకట్టిపోయాక దాన్ని తీయడం పెద్ద పని. కొన్నిసార్లు కుదరదు. ఏడాదిలోపు సుమారు సగం గ్రాఫ్ట్‌లకు ఏదో ఒక మరమ్మతు అవసరం పడుతుంది. డయాలసిస్‌లో ఎక్కువ నీరు తీయడం వల్ల బీపీ బాగా పడిపోవడం, విరేచనాలు, చేతిని ఒత్తి పడుకోవడం, బిగుతు కట్టు కట్టడం కూడా గడ్డకట్టడానికి కారణాలే.

తెలివైన గ్రాఫ్ట్ అంటే ఏమిటి?

ఇరుకు మొదలైన రోజే తెలిస్తే ఎంత బాగుంటుంది! తెలివైన గ్రాఫ్ట్ పరిశోధన ఇక్కడే మొదలైంది. ఇందులో రెండు దారులు ఉన్నాయి. ఒకటి, కబురు చెప్పే నాళం. రెండు, శరీరంలో కలిసిపోయే నాళం.

మొదటి దారి – కబురు చెప్పే నాళం

గొట్టం గోడ మీద లేదా దాని చుట్టూ వెంట్రుకంత పలుచని సెన్సర్ అమర్చాలన్నది ఆలోచన. గుండె కొట్టుకున్న ప్రతిసారీ నాళం గోడ కొంచెం సాగి, కొంచెం తగ్గుతుంది. ఆ కదలికను సెన్సర్ కొలుస్తుంది. ముందు ఇరుకు ఏర్పడితే వెనక ఒత్తిడి, కదలిక మారతాయి. ఆ మార్పును తీగ లేకుండా బయట ఉన్న చిన్న పరికరానికి పంపాలి. సెన్సర్లో బ్యాటరీ ఉండదు. బయటి పరికరాన్ని చేతి దగ్గర పెట్టినప్పుడు దాని తరంగాలతోనే లోపలి సెన్సర్ పలుకుతుంది.

ఇది వట్టి కల కాదు. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళే ధమనిలో అమర్చే బ్యాటరీ లేని ఒత్తిడి సెన్సర్‌కు అమెరికా ప్రభుత్వం 2014లోనే అనుమతి ఇచ్చింది. గుండె బలహీనమైన రోగులు ఇంటి దగ్గర నుంచే దాని రీడింగు పంపుతారు. 2019లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వారు ధమని చుట్టూ చుట్టే, పని అయ్యాక శరీరంలో కరిగిపోయే సెన్సర్‌ను ఎలుకల్లో పరీక్షించి ప్రచురించారు. 2022లో జార్జియా టెక్ సంస్థవారు స్టెంటు మీద మెత్తటి సెన్సర్లు అచ్చువేసి కుందేలు రక్తనాళంలో పరీక్షించారు. డయాలసిస్ గ్రాఫ్ట్ గోడమీద అతికే సాగే సెన్సర్ల మీద అమెరికాలోని క్లీవ్‌లాండ్ పరిశోధకులు పనిచేశారు. గ్రాఫ్ట్‌లో రక్తం పారే చప్పుడును మైకులతో విని, కంప్యూటరుతో ఇరుకును గుర్తించే పద్ధతిని కూడా వారు పరిశీలించారు.

రెండో దారి – శరీరంలో కలిసిపోయే నాళం

ప్లాస్టిక్కును శరీరం ఎప్పటికీ పరాయిదిగానే చూస్తుంది. అందుకని మనిషి కణాలతోనే నాళం పెంచాలని లారా నిక్లసన్ అనే డాక్టరు తన బృందంతో కృషి మొదలుపెట్టారు. 1999లో పంది కణాలతో ప్రయోగశాలలో ధమనిని పెంచి చూపించారు.

తరువాత మనుషుల కోసం చేసిన పద్ధతి ఇలా ఉంటుంది. మరణానంతరం దానం చేసినవారి రక్తనాళం నుంచి కండర కణాలు తీసుకుంటారు. కరిగిపోయే పదార్థంతో చేసిన గొట్టం మీద ఆ కణాలను నాటుతారు. గుండె కొట్టుకున్నట్టే దాన్ని సాగదీస్తూ, పోషక ద్రవంలో సుమారు 8 వారాలు పెంచుతారు. కణాలు తమ చుట్టూ కొల్లాజెన్ అనే దారాలను అల్లుతాయి. లోపలి గొట్టం కరిగిపోతుంది. చివరకు కణాలను కూడా కడిగేస్తారు. మిగిలేది 6 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న అల్లిక మాత్రమే. కణాలు లేవు కనుక రోగి శరీరం దాన్ని పరాయిదని తిప్పికొట్టే అవకాశం చాలా తక్కువ. ఎవరికైనా అమర్చవచ్చు.

దీన్ని డయాలసిస్ రోగులకు మొదట 2012 డిసెంబరులో పోలండ్ దేశంలో అమర్చారు. 2013లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో అమర్చారు. ఈ రెండు దేశాల్లోని 6 ఆసుపత్రుల్లో 60 మంది రోగుల ఫలితాలు 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఆ లెక్కలు శ్రద్ధగా చదవండి. ఏడాది తరువాత ఏ మరమ్మతూ లేకుండా తెరిచి ఉన్న నాళాలు నూటికి 28 మాత్రమే. ఇరుకు వచ్చినప్పుడు బెలూను వేసి, గడ్డ తీసి కాపాడినవి కూడా కలుపుకుంటే నూటికి 89.

28కీ 89కీ మధ్య ఉన్న తేడా కనిపెట్టి చూసుకోవడంలో ఉంది. ఎంత కొత్త నాళమైనా, ఎంత గొప్ప దేశంలోనైనా, చూసుకునేవారు లేకపోతే నిలబడలేదు. ఆ 60 మంది వెనక కూడా మీలాంటి భార్యలు, కొడుకులు, కోడళ్ళు ఉండే ఉంటారు.

ఇందులో ఒక ఆశ్చర్యం కూడా ఉంది. కొందరు రోగుల నాళం నుంచి మరమ్మతు సమయంలో తీసిన చిన్న ముక్కలను పరిశీలిస్తే, రోగి సొంత కణాలే అందులోకి చేరి కాపురం పెట్టినట్టు 2019లో ప్రచురించారు. అంటే ఖాళీ ఇంట్లోకి మన మనుషులే చేరారన్న మాట.

2024 డిసెంబరులో ఈ నాళానికి అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. కానీ గమనించండి, ఆ అనుమతి ప్రమాదాల్లో చేతులు, కాళ్ళ ధమనులు తెగిపోయి, సొంత సిర వాడడానికి వీలులేని పెద్దవారి కోసం ఇచ్చింది. డయాలసిస్ కోసం ఇచ్చింది కాదు.

ఎందుకు ఆలస్యం?

ఎలుకలో పనిచేసింది మనిషి చేతిలో పదేళ్ళు పనిచేయాలి. శరీరంలో పెట్టిన దేని చుట్టూ అయినా ఒక పొర అల్లుకుంటుంది, ఆ పొర సెన్సర్‌ను మూగ చేయవచ్చు. వారానికి ఆరు సూదులు పడే చోట సెన్సర్ తెగిపోకూడదు. తప్పుడు హెచ్చరికలు ఇస్తే రోగి ఉత్తపుణ్యానికి ఆసుపత్రికి పరుగెత్తాలి. అవసరమైనప్పుడు హెచ్చరించకపోతే ఇంకా ప్రమాదం. ఇవన్నీ మనుషుల్లో అంచెలంచెలుగా పరీక్షించాలి. ఆపైన మనబోటి వారికి అందే ధరలో రావాలి.

కాబట్టి పేపరు ముక్క తెచ్చిన ఆ తల్లికి నేను చెప్పింది ఇదే: "అమ్మా, అది వస్తుంది. కానీ దాని కోసం ఎదురుచూస్తూ ఈ చేతిని వదిలేయకండి. ఎవరైనా ఇప్పుడే వేస్తామని లక్షలు అడిగితే నమ్మకండి. ముందు మన డాక్టరుగారిని అడగండి."

నేను నేర్చుకున్న పాఠం

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నేను డయాలసిస్ డ్యూటీకి వచ్చిన కొత్తలో, ఒక శనివారం సాయంత్రం ఒక అబ్బాయి ఫోను చేశాడు. "సిస్టర్, అమ్మ చెయ్యి ఇవాళ నిశ్శబ్దంగా ఉంది. రోజూ జుమ్మంటుంది కదా, అది లేదు" అన్నాడు. నొప్పి ఉందా అని అడిగాను. లేదన్నాడు. వాపు ఉందా? లేదు. "అయితే సోమవారం మీ టర్ను ఉంది కదా, అప్పుడు చూద్దాం" అన్నాను.

సోమవారం వచ్చేసరికి గ్రాఫ్ట్ తాడులా గట్టిపడిపోయి ఉంది. సర్జన్ గారు ప్రయత్నించారు గాని తెరుచుకోలేదు. ఆ తల్లికి మెడలో పైపు పెట్టాల్సి వచ్చింది. రెండు నెలల్లో ఆ పైపుకు ఇన్ఫెక్షను వచ్చి చలిజ్వరంతో పది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆమె కోలుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అబ్బాయి సరిగ్గా కనిపెట్టాడు. వినాల్సిన నేను వినలేదు.

ఆ తరువాత కొన్నేళ్ళకు ఉద్దానం వైపు నుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడిన ఒక కుటుంబం ఉండేది. భార్య రోజూ రాత్రి భర్త చేయి పట్టుకుని చూసేది. సంక్రాంతి ముందు రోజు రాత్రి చేయి మూగబోయింది. పండగ వెళ్ళాక వెళదామని ఇంట్లో పెద్దలు అన్నారట. ఆమె వినలేదు. తెల్లవారేసరికి ఆటోలో మా గేటు దగ్గర ఉన్నారు. అదే రోజు గడ్డ తీశారు, ఇరుకును బెలూనుతో వెడల్పు చేశారు. మరునాడు అదే చేతికి సూదులు వేసి డయాలసిస్ చేశాం. పండగ పిండివంటలు మాత్రం మాకు కూడా అందాయి!

ఈ రెండు కుటుంబాలకూ మధ్య తేడా డబ్బు కాదు, చదువు కాదు. ఒకటిన్నర రోజు.

మీ వేళ్ళే సెన్సర్లు

పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి ఇలా చేయండి. రెండు నిమిషాలు చాలు.

చూడండి: చేతిని వెలుతురులో చూడండి. ఎరుపు, వాపు, చీము, సూది గుచ్చిన చోట నల్లగా పలుచబడిన చర్మం, కొత్తగా ఉబ్బిన బుడగ ఉన్నాయా?

తాకండి: కడుక్కున్న చేతితో నాళం మీద మూడు వేళ్ళు తేలికగా ఆనించండి. పిల్లి గుర్రుమన్నట్టు ఆగకుండా సన్నని అదురు తెలియాలి. నాడిలా కొట్టుకుని ఆగుతున్నట్టు ఉంటే ఇరుకు ఉందేమో అనుమానించాలి. ఏమీ తెలియకపోతే గడ్డకట్టి ఉండవచ్చు.

వినండి: చెవి ఆనించి వింటే తేనెటీగల మోతలా ఉండాలి. ఈల వేసినట్టు సన్నగా మారితే చెప్పండి.

మొదటిసారి నర్సు దగ్గర నేర్చుకోండి. "ఇది మంచి అదురు" అని మేము చూపిస్తే మీ వేళ్ళకు గుర్తుంటుంది. గోడమీది క్యాలెండర్లో రోజూ ఒక టిక్కు పెట్టండి. ఇంట్లో పదేళ్ళ పిల్లలు కూడా ఈ పని చేయగలరు.

చేయవలసినవి

- డయాలసిస్‌కు ముందు ఆ చేతిని సబ్బుతో కడిగించండి.
- ప్రతిసారీ సూది ఒకేచోట కాకుండా చోటు మార్చి వేయమని సిస్టర్‌ను గుర్తుచేయండి. గ్రాఫ్ట్ ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం.
- రెండు డయాలసిస్‌ల మధ్య బరువు ఎక్కువ పెరగకుండా నీళ్ళు, ఉప్పు డాక్టరుగారు చెప్పిన కొలతలో ఉంచండి. ఎక్కువ నీరు ఒక్కసారి తీస్తే బీపీ పడిపోతుంది, బీపీ పడితే నాళం గడ్డకడుతుంది.
- సూదులు తీశాక చోటును మితంగా నొక్కి పట్టండి. రక్తం ఆగాలి గాని ప్రవాహం ఆగకూడదు.
- ప్రతి ఆసుపత్రిలో, ప్రతి ల్యాబులో "ఇది డయాలసిస్ చెయ్యి" అని ముందే చెప్పండి.

చేయకూడనివి

- ఆ చేతికి బీపీ చూడనివ్వకండి. ఇంజెక్షను, సెలైను, రక్తపరీక్ష వద్దు.
- గాజులు, వాచీ, తాయెత్తు, బిగుతు జాకెట్టు చేతులు వద్దు.
- ఆ చేతిని తలకింద పెట్టుకుని పడుకోవద్దు. నీళ్ళ బిందెలు, బస్తాలు మోయవద్దు.
- నొప్పి అని బామ్ రాసి గట్టిగా రుద్దవద్దు, కాపడాలు వద్దు.

ఇంకా డయాలసిస్ మొదలుకాని కిడ్నీ రోగులు కూడా ఒక మాట వినాలి. నీరసంగా ఉందని ఊళ్ళో సెలైను ఎక్కించుకునే అలవాటు మనలో ఎక్కువ. పెట్టిన ప్రతి సూదికీ ముంజేతి సిర కొంచెం పాడవుతుంది. రేపు ఫిస్టులాకు కావాల్సింది అదే సిర. తప్పనిసరైతే అరచేతి వెనక భాగంలో పెట్టమని అడగండి.

వెంటనే రావలసిన సందర్భాలు

1. అదురు లేదా మోత ఆగిపోతే: రాత్రైనా, పండగైనా, ఆదివారమైనా ఫోను చేసి బయలుదేరండి. మొదటి 24 గంటలు బంగారం లాంటివి. 48 గంటలు దాటితే ఆశ తగ్గుతుంది. "నొప్పి లేదు కదా" అనుకోవద్దు. గడ్డకట్టేటప్పుడు చాలామందికి నొప్పి ఉండదు.

2. చలిజ్వరం, చేతిమీద ఎరుపు, చీము ఉంటే: ఇంటి దగ్గర మాత్రలు వేసి చూడవద్దు.

3. వేళ్ళు చల్లబడి, నీలంగా మారి, తిమ్మిరి, నొప్పి ఉంటే: చేతి కొసకు రక్తం చాలడం లేదని అర్థం.

4. రక్తం కారితే: కంగారు పడవద్దు. శుభ్రమైన చిన్న గుడ్డ ముక్క లేదా గాజు మడతను సరిగ్గా రక్తం వచ్చే చుక్క మీద పెట్టి, వేలితో గట్టిగా నొక్కండి. చేతిని గుండెకంటే ఎత్తుగా పెట్టండి. 108కి ఫోను చేయండి. పెద్ద తువ్వాలు చుట్టవద్దు. తువ్వాలు రక్తం పీల్చుకుంటుంది గాని ఆపదు. వచ్చేదాకా వేలు తీసి తీసి చూడవద్దు.

మీరు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: మరమ్మతు చేసినా మళ్ళీ ఇరుకు వస్తుందా?
జవాబు: రావచ్చు. బెలూను వేసిన చోటే కొన్ని నెలలకు మళ్ళీ రావడం చూస్తాం. అందుకని మరమ్మతు అయ్యాక ఇంకా శ్రద్ధగా చూసుకోవాలి.

ప్రశ్న: చేయి బాగుందని మిషను కూడా చెప్పగలదా?
జవాబు: కొంత చెప్పగలదు. మిషను మీద ఒత్తిడి అంకెలు వారం వారం పెరుగుతుంటే, సూది తీశాక రక్తం ఆగడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతుంటే ఇరుకు ఉందేమో చూడాలి. అప్పుడు డాప్లర్ స్కానింగ్ చేస్తారు. ఆ అంకెలు ఎలా ఉన్నాయని మీరు అడగవచ్చు. తప్పేమీ లేదు.

ప్రశ్న: ఖర్చు మాటేమిటి?
జవాబు: ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకాల్లో డయాలసిస్ ఉంది. 2016 నుంచి కేంద్ర ప్రభుత్వ జాతీయ డయాలసిస్ కార్యక్రమం కూడా ఉంది. ఫిస్టులా, గ్రాఫ్ట్ ఆపరేషన్లకు మీ కార్డు ఎంతవరకు పనికివస్తుందో ఆపరేషనుకు ముందే పథకం కౌంటరులో అడిగి తెలుసుకోండి.

చివరిగా

శాస్త్రవేత్తలు పోలండ్‌లో, అమెరికాలో, ఇంకా అనేక దేశాల్లో ఏళ్ళ తరబడి కష్టపడుతున్నది ఒక్క కబురు కోసం: "ఈ నాళం ఇరుకవుతోంది, త్వరగా రండి." ఆ కబురు చెప్పే గ్రాఫ్ట్ ఒకనాటికి మన జిల్లా ఆసుపత్రులకు కూడా చేరాలని కోరుకుందాం. అంతవరకు ఆ కబురు చెప్పగలిగింది మీ మూడు వేళ్ళే.

పేపరు ముక్క తెచ్చిన ఆ తల్లి భర్తకు తరువాత పై చేతిలో గ్రాఫ్ట్ అమర్చారు. మెడలో పైపు తీసేశారు. ఆ ముక్క ఇంకా ఆమె పర్సులోనే ఉంది. దాని వెనకవైపు పెన్నుతో గీతలు గీసి, పొద్దున, రాత్రి అని రాసుకుని టిక్కులు పెట్టుకుంటోంది.

ఈ రాత్రి భోజనాలయ్యాక మీరు కూడా మీవారి చేయి ఒకసారి పట్టుకుని చూడండి.